బటన్ నొక్కితే పలకని కారు

రాయచూరు తాలూకాలోని చంద్రబండ కర్ణాటక ఊరే అయినా తెలంగాణ సరిహద్దు అక్కడికి ఎంతో దూరం కాదు. ఇళ్లలో తెలుగు, ఆఫీసు కాగితాల్లో కన్నడం, బేరాల్లో రెండూ నడుస్తాయి. కార్ల సంగతీ అంతే. రాయచూరు ఆర్టీవో ఇచ్చే కేఏ-36 బండి పక్కన ఉమ్మడి రాష్ట్రం నాటి మహబూబ్‌నగర్ ఏపీ-22, కర్నూలు ఏపీ-21 ప్లేట్లు కనబడినా ఎవరూ వింతగా చూడరు. 1956 దాకా రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి బండి కొనడానికైనా, దానికి దొరకని సామాను వెతకడానికైనా హైదరాబాద్ వైపు చూడటం ఇక్కడి పెద్దలకు పాత అలవాటే.

పత్తి, వరి పండించే ఈ పల్లెల్లో మొదటి కారు సెకండ్ హ్యాండ్‌లో రావడం మామూలు విషయం. 1998లో వచ్చిన శాంత్రో, ఇండికా, 2002 నాటి స్కార్పియో, 2005లో దిగిన స్విఫ్ట్, ఇలా ఏదో ఒక తరం బండి రెండు మూడు చేతులు మారి ఊరికి చేరుతుంది. అమ్మేవాడు ఆర్సీ ఇస్తాడు, ఇన్సూరెన్స్ కాగితం ఇస్తాడు, తాళంచెవి మాత్రం ఒక్కటే ఇస్తాడు. రెండోది ఏదని అడిగితే "ఇంట్లో ఎక్కడో ఉందన్నా, దొరికితే పంపిస్తా" అంటాడు. అది ఎప్పటికీ దొరకదు.

పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. ఆ డబ్బు కట్టి మరో అయిదేళ్లు బండి నడుపుకుందాం అనుకున్న మనిషికి, రిమోట్ పోయిందంటే షోరూంలో వేలల్లో అంకె వినడం మింగుడు పడని సంగతి. నిజానికి ఆ అంకె అవసరమయ్యే సందర్భాలు తక్కువే. ముందు చూడాల్సింది ఏం పాడైంది అని.

బటన్ నొక్కితే తలుపులు ఉలకవు, పలకవు. యజమాని రిమోట్‌ను అరచేతిలో కొడతాడు, ఊదుతాడు, కారు అద్దానికి ఆనించి మళ్లీ నొక్కుతాడు. కొట్టినప్పుడు ఒక్కోసారి పలుకుతుంది కూడా. అలా పలికిందంటే సంతోషించి వదిలేయకూడదు, అదే రోగలక్షణం. లోపల బ్యాటరీని పట్టుకునే రేకు వదులైంది, లేదా ఎక్కడో టంకం ఊడింది అని అర్థం. దగ్గరికి వెళితేనే పనిచేస్తుంటే బ్యాటరీ సన్నగిల్లుతోందని అనుకోవచ్చు. లాక్ పడుతోంది, అన్‌లాక్ మాత్రం పడటం లేదంటే ఆ ఒక్క బటన్ కింది స్విచ్ అరిగిపోయి ఉంటుంది. ఏ దెబ్బా తగలకుండా ఉన్నట్టుండి మొత్తంగా మూగబోతే మాత్రం రెండో తాళంచెవి ఉన్నవాళ్లు ముందు దాన్ని వాడి చూడాలి. రెండూ పలకకపోతే తప్పు చేతిలోని రిమోట్‌ది కాదు, కారుది. ఫ్యూజు పోయి ఉండవచ్చు, పన్నెండు వోల్టుల పెద్ద బ్యాటరీ నీరసించి ఉండవచ్చు, సంకేతం అందుకునే రిసీవర్ చెడి ఉండవచ్చు. ఈ చిన్న పరీక్ష చేయకుండానే కొత్త రిమోట్ కొని, అదీ పలకక తలపట్టుకునేవాళ్లు ఉన్నారు.

యూట్యూబ్‌లో చూసి చాలామంది రిమోట్‌ను ఫోన్ కెమెరా ముందు పట్టుకుని నొక్కుతారు, వెలుగు కనబడలేదు కాబట్టి అది చచ్చిపోయిందని తేల్చేస్తారు. ఆ కిటుకు టీవీ రిమోట్‌కు పనికొస్తుంది, ఎందుకంటే అది పరారుణ కాంతితో నడుస్తుంది. కార్ల రిమోట్ మొదలైంది కూడా అలాగే. 1982లో ఫ్రాన్స్‌లో రెనో ఫ్యూగో కారుతో పాటు వచ్చిన రిమోట్ పరారుణ కాంతిదే. దాన్ని రూపొందించిన పాల్ లిప్‌షుట్జ్ పేరు మీదుగానే ఫ్రెంచివాళ్లు కారు రిమోట్‌ను 'ప్లిప్' అంటారు. మన రోడ్ల మీదికొచ్చిన రిమోట్లు రేడియో తరంగాలతో పనిచేస్తాయి. అవి కెమెరాకు చిక్కవు. తాళాలు చేసే దుకాణంలో చేతిలో పట్టేంత ఫ్రీక్వెన్సీ మీటరు ఉంటుంది, దాని దగ్గర బటన్ నొక్కితే సంకేతం వస్తోందో లేదో క్షణంలో తేలిపోతుంది.

భారత్‌లో, ఐరోపాలో ఈ రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు 433-434 బ్యాండును మన దేశంలో లైసెన్సు లేకుండా వదిలారు. అమెరికాలో, జపాన్‌లో వాడేది ప్రధానంగా 315 మెగాహెర్ట్జ్. డాలస్‌లో ఉన్న అబ్బాయి అక్కడి ఆన్‌లైన్ దుకాణంలో అచ్చం నాన్న కారుదిలాంటి రిమోట్ చూసి కొని పంపాడంటే, బొమ్మ కలిసినా పాట కలవకపోవచ్చు. పాత రిమోట్ వెనుక ముద్రించిన ఫ్రీక్వెన్సీ, మోడల్ నంబరు రెండూ సరిపోలాలి.

ఆ ప్లాస్టిక్ డిప్పలో ఉన్నది ఒక పరికరం కాదు, సాధారణంగా రెండు. ఒకటి తలుపులు తెరిచే రిమోట్. బటన్లు, బ్యాటరీ, పచ్చటి సర్క్యూట్ బోర్డు అన్నీ దానివే. రెండోది ఇంజిన్‌ను స్టార్ట్ కానిచ్చే చిప్. గోధుమగింజంత గాజు గొట్టం రూపంలోనో, చిన్న నల్లటి ముక్కలానో ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ తాళం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. తాళంచెవి తిప్పగానే అది 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. చిప్ ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని తన గుర్తింపు చెబుతుంది. కారు కంప్యూటర్ ఒప్పుకుంటే ఇంజిన్ నడుస్తుంది, లేకపోతే డాష్‌బోర్డులో తాళంచెవి బొమ్మ దీపం మిణుకుమిణుకుమంటూ బండి మొరాయిస్తుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. 1998లో ఐరోపా దేశాలు కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశాయి. మన దగ్గర మారుతి దీన్ని ఐక్యాట్స్ పేరుతో తెచ్చింది.

కాబట్టి రిమోట్ బ్యాటరీ అయిపోయినంత మాత్రాన ఇలాంటి పాత కారు ఆగిపోదు. తాళంచెవితో తలుపు తీసి, స్టార్ట్ చేసుకుని వెళ్లిపోవచ్చు. చిక్కల్లా తలుపు తాళంతోనే. ఏళ్ల తరబడి రిమోట్ మీదే ఆధారపడితే, రాయచూరు దుమ్ముకు తాళం లోపల బిగుసుకుపోతుంది. అవసరమైన రోజున తాళంచెవి దూరదు, దూరినా తిరగదు. నెలకొకసారైనా తలుపును తాళంచెవితో తీయడం, ఎప్పుడైనా కాస్త గ్రాఫైట్ పొడి వేయడం మంచిది. బయట బిగించిన అలారం ఉన్న కారును ఇలా తాళంచెవితో తీస్తే ఊరంతా వినబడేలా సైరన్ మోగుతుంది. అలాంటి కిట్లలో డాష్‌బోర్డు కింద దాచిన చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. దాని చోటు కారు కొన్న రోజునే అడిగి తెలుసుకోవాలి.

బయట బిగించిన కిట్ల విషయం వేరుగా చెప్పుకోవాలి. 1990ల చివర, 2000ల మొదట్లో కంపెనీ రిమోట్ ఖరీదైన వేరియంట్లకే వచ్చేది. మిగతావాళ్లు యాక్సెసరీ దుకాణంలో ఆటోకాప్, నిప్పన్ వంటి సెంట్రల్ లాకింగ్ కిట్లు వేయించుకునేవారు. తాళంచెవి వేరుగా, రిమోట్ వేరుగా గుత్తికి వేలాడుతుంటే అది చాలావరకు ఆ రకమే. ఇందులో ఇంజిన్ చిప్ గొడవ లేదు. రిమోట్ పూర్తిగా పాడై, అదే మోడల్ దొరకకపోతే ఒక్క రిమోట్ కోసం నగరాలు తిరగడం దండగ. తలుపుల్లోని మోటార్లు బాగుంటే వాటిని అలాగే ఉంచి, రిసీవర్ డబ్బా, రెండు కొత్త రిమోట్లు కలిసిన కిట్ వేయించుకోవడం చవక.

ఇక మరమ్మతు. మొదటి అనుమానితుడు బ్యాటరీయే. ఎక్కువ రిమోట్లలో ఉండేది సీఆర్2032. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్2016 అయితే వ్యాసం అంతే, మందం సగం. రెండూ మూడు వోల్టులవే కాబట్టి కొందరు ఒకదాని బదులు ఇంకొకటి దూరుస్తారు. పలచటిది వదులుగా ఊగుతుంది, మందంది రేకును వంచేస్తుంది. కొత్త సెల్లు మల్టీమీటరులో 3.2, 3.3 వోల్టుల దాకా చూపిస్తుంది. 2.8 కంటే కిందికి దిగితే మార్చేయవచ్చు. పేరున్న కంపెనీ సెల్లు కూడా వంద రూపాయల లోపే దొరుకుతుంది. అట్ట మీద తేదీ చూసి తీసుకోవాలి.

ఎండాకాలం ఈ ప్రాంతంలో నలభై డిగ్రీలు దాటడం కొత్త కాదు. 2018లో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరినట్టు కొలిచారు. లిథియం బటన్ సెల్లు తట్టుకునే హద్దు దాదాపు అదే. రెండో రిమోట్‌ను డాష్‌బోర్డు మీద పడేసేవాళ్లు ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది.

తీసేసిన సెల్లు పిల్లలకు అందకూడదు. మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేస్తుంది. మింగారేమోనన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

బ్యాటరీ మార్చినా పలకకపోతే డిప్ప తెరిచి బోర్డు చూడాలి. జేబు చెమట, పొలం దుమ్ము కలిసి రేకుల మీద పచ్చటి చిలుము పట్టిస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలా రిమోట్లు అక్కడికక్కడే లేచి కూర్చుంటాయి. కాలవలోనో, బకెట్లోనో పడినప్పుడు చేయాల్సిన మొదటి పని బ్యాటరీ పీకేయడం. నీటి కంటే, నీటిలో కరెంటు పారడమే బోర్డును ఎక్కువగా తినేస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టి దేవుడి మీద భారం వేసే కంటే ఆల్కహాల్‌తో కడిగి నీడన ఆరబెట్టడం మేలు. ఇంకా లోతు పని, అంటే ఊడిన రేకుకు టంకం వేయడం, అరిగిన బటన్ స్విచ్ మార్చడం లాంటివి, పల్లెల్లో ఎవరు చేస్తారని సందేహించనక్కర్లేదు. మొబైల్ రిపేరు కుర్రాడు చేస్తాడు. అతను రోజూ చేసే పని ఇంతకంటే సన్నటిది. కొన్ని రూపాయల స్విచ్, పావుగంట పని. కిందపడి లోపలి క్రిస్టల్ పగిలితే మాత్రం అదే ఫ్రీక్వెన్సీది వెతికి వేయాలి, లేదా బోర్డే మార్చాలి.

ఇక్కడే ఎక్కువమంది నష్టపోయే ఘట్టం ఒకటుంది. బటన్ల రబ్బరు చిరిగి, డిప్ప విరిగి, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు కొత్త డిప్ప తెప్పిస్తారు. పచ్చబోర్డు, బ్యాటరీ జాగ్రత్తగా కొత్తదాంట్లోకి మార్చి, పాత డిప్ప చెత్తబుట్టలో పడేస్తారు. తలుపులు చక్కగా తెరుచుకుంటాయి, ఇంజిన్ స్టార్ట్ కాదు. చిప్ ఆ పాత డిప్ప మూలలో అతుక్కుని చెత్తబుట్టలోకి పోయింది మరి. కొన్ని కార్లలో చిప్ బోర్డు మీదే ఉంటుంది, చాలావాటిలో విడిగా ఉంటుంది. కొత్త డిప్పతో బండి నాలుగుసార్లు స్టార్ట్ అయ్యేదాకా పాతదాన్ని పారేయకుండా ఉంచితే వేల రూపాయలు మిగులుతాయి. రిమోట్ లేని ఉత్త నల్లపిడి తాళంచెవిలో కూడా చిప్ ఉండవచ్చు. సంతలో అరగదీయించిన నకలుతో తలుపు తెరుచుకుని ఇంజిన్ మాత్రం కదలకపోవడానికి కారణం అదే.

బోర్డు బాగుంది, బ్యాటరీ కొత్తది, అయినా కారు పలకడం లేదు. అప్పుడు చూడాల్సింది కోడు. పాత కాలపు రిమోట్ ఎప్పుడూ ఒకే సంకేతం పంపేది. దొంగ దాన్ని పట్టి మళ్లీ ప్రసారం చేస్తే తలుపులు తెరుచుకునేవి. దానికి విరుగుడుగా దక్షిణాఫ్రికాలోని నానోటెక్ కంపెనీ కీలాక్ అనే పద్ధతిని రూపొందించింది, 1995లో అమెరికాకు చెందిన మైక్రోచిప్ దాన్ని కొనుక్కుంది. రిమోట్ దగ్గర, కారు దగ్గర ఒకే వరుస నంబర్లున్న టోకెన్ పుస్తకాలు ఉన్నాయనుకోండి. బటన్ నొక్కిన ప్రతిసారీ రిమోట్ ఒక టోకెన్ చింపి పంపుతుంది, వాడిన టోకెన్ మళ్లీ చెల్లదు. కీలాక్ చిప్‌లు ఒక్కో నొక్కుకు 66 బిట్ల సంకేతం పంపుతాయి, అందులో 32 బిట్లు ప్రతిసారీ మారిపోతాయి.

ఇంట్లో పసివాడు రిమోట్‌తో ఆడుకుని కారుకు అందనంత దూరంలో యాభైసార్లు నొక్కాడంటే రిమోట్ లెక్క ముందుకు పోతుంది, కారు లెక్క వెనకే ఉండిపోతుంది. మామూలుగా ఈ చిప్‌లలో పదహారు టోకెన్ల తేడా వరకు కారు పట్టించుకోదు. అంతకు మించితే ఒక్క నొక్కుకు తెరవదు కానీ, వెంటనే రెండోసారి నొక్కితే వరుసగా వచ్చిన ఆ రెండు సంకేతాలను సరిచూసుకుని లెక్క కలుపుకుంటుంది. పాడైందనుకున్న రిమోట్ కారు పక్కన రెండుసార్లు నొక్కగానే పలకడం వెనుక ఉన్న రహస్యం ఇదే, అరచేతి దెబ్బ కాదు. దీనికీ లొంగకపోతే మళ్లీ జత చేయాలి. చాలా పాత కార్లలో ఇగ్నిషన్‌ను ఒక క్రమంలో ఆన్, ఆఫ్ చేసి, తలుపు తెరిచి మూసి, బటన్ నొక్కితే జత కలుస్తుంది. ఆ క్రమం మోడల్‌కొక తీరు, యజమాని చేతిపుస్తకంలో ఉండవచ్చు. ఈ పద్ధతి రిమోట్ వరకే, ఇంజిన్ చిప్‌కు వేరే పని కావాలి.

ఇంజిన్ చిప్‌ను నమోదు చేయడానికి ఒకప్పుడు కంపెనీ సర్వీస్ సెంటరే దిక్కు. ఇప్పుడు ఆకురాయి, బిగింపు పట్టకారు పెట్టుకుని కూర్చున్న తాళాల మనిషి పక్కన ఒక ట్యాబ్లెట్ కూడా కనబడుతోంది. ఎక్స్‌హార్స్, కీడీఐవై వంటి చైనా కంపెనీల పరికరాలతో ఖాళీ రిమోట్‌ను కావలసిన కారు రిమోట్‌గా మార్చవచ్చు. స్టీరింగ్ కింది సాకెట్‌లో తీగ గుచ్చి చిప్‌ను కారు కంప్యూటర్‌కు పరిచయం చేస్తారు. ఒక్క తాళంచెవి బతికున్నా ఈ పని తేలిక. ఒక్కటీ మిగలకపోతే కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ డబ్బానో, ఇంజిన్ కంప్యూటర్‌నో విప్పి, అందులోని జ్ఞాపక చిప్‌ను చదివి, లెక్క బయటకు తీయాల్సి వస్తుంది. పైగా స్టార్ట్ కాని కారును రాయచూరు దాకా లాగించుకుపోవాలి, లేదా ఆ మనిషినే ఊరికి పిలిపించుకోవాలి. అందుకే డూప్లికేట్ చేయించే అదను ఉన్న ఒక్క తాళంచెవీ పోయాక కాదు, అది పనిచేస్తున్నప్పుడే.

ఈ పని బయటివాళ్లకు అందుబాటులోకి రావడం మీద పెద్ద తగాదాయే నడిచింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, పరీక్షా పరికరాలు తమ డీలర్లకే ఇచ్చి స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టయోటాలతో సహా పద్నాలుగు కార్ల కంపెనీలకు మొత్తం దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మరుసటి ఏడాది హ్యుందాయ్‌కి విడిగా 420 కోట్లు వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' చట్రం కోసం కమిటీ వేసినప్పుడు ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి, వ్యవసాయ యంత్రాలు మరొకటి. ట్రాక్టరూ కారూ రెండూ ఉన్న రైతుకు ఇది ఢిల్లీ వార్త మాత్రమే కాదు. కంపెనీల వాదనలోనూ పస లేకపోలేదు. తాళంచెవి తయారుచేసే సమాచారం అందరికీ ఇస్తే దొంగకూ ఇచ్చినట్టే అంటాయవి. కానీ సమాచారాన్ని దాచినంత మాత్రాన తాళం గట్టిపడలేదు. 2008లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం బృందం కీలాక్ రిమోట్ల రహస్యాన్ని బయటకు లాగి చూపించింది. ఒక ఇమ్మొబిలైజర్ చిప్ బలహీనతపై రాసిన పరిశోధన పత్రాన్ని ఫోక్స్‌వాగన్ 2013లో లండన్ కోర్టుకెక్కి ఆపించింది, రెండేళ్ల తర్వాత అది ఎలాగూ అచ్చయింది.

తాళంచెవి చేయించడానికి వెళ్లేటప్పుడు ఆర్సీ, గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లాలి. ఇవేవీ అడగకుండా చేసిచ్చే దుకాణం యజమానికి ఎంత సౌకర్యమో దొంగకూ అంతే సౌకర్యం. కొత్త కారుతో వచ్చే చిన్న రేకుబిళ్ల మీద తాళం నంబరు ఉంటుంది, అది ఉంటే పని సులువవుతుంది. తాళంచెవి పోగొట్టుకుంటే పోలీసుస్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. కారు చోరీ అయినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ రెండు తాళంచెవులనూ తెచ్చివ్వమంటుంది. ఒకటే ఉంటే రెండోది ఏమైందో ఆ రసీదే చెప్పాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు తాళాల దుకాణంలో ఇంకో మాట అడగాలి: ఈ బండి కంప్యూటర్‌లో ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయి? చాలా కార్లలో పరికరం ఆ సంఖ్య చూపిస్తుంది. చేతిలో ఒకటి, లెక్కలో మూడు ఉంటే పాతవన్నీ చెరిపేయించి, ఉన్నదాన్నీ కొత్తగా చేయించినదాన్నీ మాత్రమే నమోదు చేయించుకోవచ్చు. చెరిపేసిన తాళంచెవికి తలుపు తాళం తెరుచుకుంటుంది కానీ ఇంజిన్ లేవదు. ఎప్పుడో పాత యజమాని ఇంట్లో అది దొరికితే అదే కారుకు మళ్లీ నమోదు చేయించుకోవచ్చు.